జీలకర్ర నీళ్ళ వైను పాఠం

తిరుపతిలో కూర్చుని ఇరవై రెండేళ్ళు వైను పాఠం చెప్పి, ఆ పుణ్యానికి ఇప్పుడు పెన్షన్ తీసుకుంటున్న మనిషిని నేను. నవ్వదలచుకున్నవాళ్ళు ఇక్కడే నవ్వేసుకోండి. కొండ మీద గోవింద నామం, కొండ కింద మా కేటరింగ్ కాలేజీలో ఆరో పాఠం: ఇటలీ తెల్ల వైన్లు, వాటికి జతయ్యే వంటకాలు. సిలబస్ రాసిన మహానుభావులు ఎక్కడో దూరాన ఉండి రాశారు. ఇది ఏ ఊరు, ఇక్కడ ఏది దొరుకుతుంది, ఏది దొరకదు అని వాళ్ళు అడగలేదు. మేమూ చెప్పలేదు. అడగకపోవడం, చెప్పకపోవడం అనే రెండు చక్రాల మీద మా కాలేజీ బండి హాయిగా నడిచింది.

హోటల్ లైనులోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తారు. "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని రోజు ఏది?" అని అడుగుతారు. వాళ్ళకు కావలసింది ఏ మంత్రిగారికో నేను స్వయంగా వడ్డించిన కథ. అలాంటిది ఒకటి ఉంది. అది చెబితే నాకు కాస్త గౌరవం. అందుకని అదే చెబుతూ వచ్చాను ఇన్నాళ్ళూ. ఇప్పుడు రాస్తున్నది వేరే రోజు గురించి. దీనివల్ల నాకు వచ్చే గౌరవం ఏమీ లేదు, కానీ మీలో ఎవరో ఒకరు రేపు పాఠం చెప్పే కుర్చీలో కూర్చుంటారు కాబట్టి మీకు పనికొస్తుంది.

ముందు మా ప్రిన్సిపాల్ గారి గురించి చెప్పాలి. ఆయన మంచివాడు. అవసరానికి మించిన మంచివాడు. కాలేజీ వంటగదిలో కోడిని కోసినా, చేపను తోమినా అభ్యంతరం లేదు, అది చదువు. మందు చుక్క మాత్రం కాంపౌండు గోడ దాటి లోపలికి రాకూడదు, అది పాపం. "వైను పాఠం వైను లేకుండా ఎట్ల చెప్పాల సార్?" అని చేరిన కొత్తలో అడిగాను. "స్వర్గం గురించి చెప్పేవాళ్ళంతా పోయొచ్చే చెప్తా ఉండారా?" అన్నాడు.

ఒకే ఒక ఖాళీ సీసా మాత్రం ఉండేది. నేను చెన్నైలో ఒక పెద్ద హోటల్లో ట్రైనింగ్‌కు పోయినప్పుడు అడిగి తెచ్చుకున్నది. పచ్చ రంగు, నడుము సన్నం, కింద వెడల్పు. చీటీ మీద 'వెర్దిక్కియో' అని ఉండేది. ఇటలీలో సముద్రం పక్క ఊళ్ళలో పండే ద్రాక్షతో చేసే తెల్ల వైను అది. మా ల్యాబు అటెండరు వడమాలపేట మనిషి. ప్రతి సోమవారం పొద్దున్నే జీలకర్ర నీళ్ళు కాచి, చల్లార్చి, గుడ్డలో వడగట్టి ఆ సీసాలో పోసేవాడు. లేత గడ్డి రంగు వైను అని పుస్తకంలో ఉంది, జీలకర్ర నీళ్ళు అచ్చం అదే రంగు. అసలు బిరడా ఆరేళ్ళకు పొడిపొడి అయిపోతే బెండు చెక్కి కొత్తది చేశాడు. ఆయుధ పూజ రోజున కత్తులకు, పెనాలకు పెట్టినట్టే సీసాకూ, బిరడా తీసే స్క్రూకూ పసుపు కుంకుమలు పెట్టేవాడు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా హారతి ఇచ్చేవారు. ఖాళీ సీసా కాబట్టి ఆయనకు దోషం అంటేది కాదు కాబోలు.

ఆ జీలకర్ర నీళ్ళను పిల్లలు గ్లాసులో పోసి, తెల్ల గుడ్డకు అడ్డం పెట్టి రంగు చూసి, గుండ్రంగా తిప్పి, ముక్కు లోపలికి పెట్టి, కళ్ళు మూసుకుని అప్పజెప్పేవాళ్ళు: "పచ్చ ఆపిల్ వాసన సార్, నిమ్మతొక్క వాసన, చివరలో చేదు బాదం రుచి." పచ్చ ఆపిల్‌ను వాళ్ళలో సగం మంది చూసి ఉండరు. చేదు బాదం నేనే చూడలేదు. ఒకసారి ఒక పిల్లవాడు "జీలకర్ర వాసన వస్తా ఉండాది సార్" అన్నాడు. వాడికి రెండు మార్కులు తగ్గించాను. క్రమశిక్షణ అనేది ఒకటి ఉంటుంది కదా.

నేను మాత్రం తాగి చూశానా అంటే, లేదు. హోటల్ ఉద్యోగానికి పోతున్నానని తెలిసి మా నాయన నన్ను కాణిపాకం తీసుకుపోయి, గుళ్ళో నిలబెట్టి, మందు తాగనని ప్రమాణం చేయించాడు. ఆ స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేసినవాళ్ళ గతి ఏమవుతుందో మా వైపు ప్రతి ఇంట్లోనూ ఒక కథ ఉంది. చెన్నైలో ఆరు నెలలు వందల గ్లాసులు నింపాను, ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. అందులో నాకు గర్వం కూడా ఉండేది. రుచి తెలియని వస్తువు గురించి అన్నేళ్ళు అధికారంగా మాట్లాడటం ఎంత గొప్ప విద్యో ఆ వయసులో నాకు తట్టలేదు.

ఇక నా ప్రశ్న. ప్రతి మేస్టారుకూ ఒక ప్రశ్న ఉంటుంది, దాన్ని అడిగేటప్పుడు ఆయన మొహం వెలిగిపోతుంది. తెల్ల వైనుకు చేప, ఎర్ర వైనుకు మాంసం అని లోకమంతా చెప్పే సూత్రం మీకు తెలుసు. "అయితే మాంసానికి జతయ్యే ఒకే ఒక తెల్ల వైను ఏది?" అని నేను అడిగేవాణ్ణి. జవాబు: వెర్దిక్కియో. మటన్ రోస్టుతో, గది ఉష్ణోగ్రతలో వడ్డించాలి. కారణం: చివర్లో ఉండే చేదు బాదం రుచి మాంసపు కొవ్వును తెంచుతుంది. ఏ పుస్తకంలోనూ ఇంత సూక్ష్మమైన విషయం లేదని నేను మురిసిపోయేవాణ్ణి. ఎందుకు లేదో ఆలోచించలేదు. గది ఉష్ణోగ్రత అంటే ఇటలీ గదా, మే నెలలో తిరుపతి గదా అని కూడా ఆలోచించలేదు.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి. బంగారుపాళ్యం పక్క పల్లె. వాళ్ళ నాయన తోటల నుంచి గుజ్జు ఫ్యాక్టరీకి ట్రాక్టరు మీద మామిడికాయలు తోలేవాడు. వాళ్ళమ్మ సీజన్లో అదే ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబడి కాయలు ఏరేది. ఈ పిల్ల కూడా వేసవి సెలవుల్లో అమ్మతో పాటు అదే పని చేసింది. అందుకేనేమో పిల్లకు నాలుక బ్రహ్మాండంగా ఉండేది. వంటగదిలో సాంబారు రుచి చూసి, "ఇది నిన్నటి చింతపండు సార్" అని చెప్పేది. మొదటి ఏడాదిలో వైను పాఠం జరుగుతుంటే ఒక సందేహం అడిగింది. "మా చర్చిలో ఇచ్చే ద్రాక్షరసం తియ్యంగా ఉంటాది సార్. ఇది పుల్లగా ఉంటాదని పుస్తకంలో ఎందుకుండాది?" అని. సిలబస్‌లో లేని ప్రశ్నలు అడగొద్దని చెప్పాను.

చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు బయటి నుంచి ఎగ్జామినర్ వస్తారు. ఆ ఏడాది వచ్చినావిడ బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో పనిచేస్తున్న మేడం. పుట్టింది మదనపల్లె వైపే, మధ్యలో కొన్నేళ్ళు ఇటలీలో పనిచేసి వచ్చింది. వాళ్ళ హోటల్లో వైను వడ్డించే విభాగంలోకి ఒక మనిషి కావాలి. నాలుగైదు కాలేజీలు తిరిగి, నెలాఖరులోపు ఒక్కరిని ఎంచుకుంటుంది. మా పిల్లల్లో ఆశ పెట్టుకోదగ్గది ఈ పిల్ల ఒక్కతే అని కాలేజీలో అందరికీ తెలుసు. పిల్లకూ తెలుసు. ఇది రాకపోతే ఫ్యాక్టరీ బెల్టే.

మేడం ఉత్త చేతులతో రాలేదు. ఐసు పెట్టెలో అసలు వెర్దిక్కియో సీసా తెచ్చింది. ప్రిన్సిపాల్ గారికి చెమటలు పట్టాయి. వచ్చినావిడ ఎగ్జామినర్, కాదనడానికి లేదు. చివరికి ఆయన ఒక మార్గం కనిపెట్టాడు. సీసా ముందు గేటు నుంచి రాకూడదు, వెనక గేటు నుంచి రావాలి. ల్యాబు కిటికీలకు కర్టెన్లు వెయ్యాలి. పని అయిపోయేదాకా తాను కాలేజీలో ఉండడు, ఊళ్ళో ఏదో పని చూసుకుంటాడు. ధర్మం ఇంత సులభంగా కాపాడుకోవచ్చని ఆ రోజే తెలిసింది నాకు.

ల్యాబులో టేబుల్ మీద రెండు ప్లేట్లు పెట్టించింది మేడం. ఒకదాంట్లో వేయించిన చేప ముక్కలు, ఇంకోదాంట్లో మటన్ రోస్టు. రెండూ పొద్దున పిల్లలే వండారు. పిల్లల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, సీసా తెరిపించి, పోయించి, రుచి చూపించి, ప్రశ్నలు అడిగింది. మిగతా వాళ్ళంతా గ్లాసు పెదాలకు ఆనించి, కళ్ళు మూసుకుని, పచ్చ ఆపిల్, నిమ్మతొక్క, చేదు బాదం అని పాడారు. మేడం వరసగా రాసుకుంటూ పోయింది.

ఈ పిల్ల వచ్చింది. సీసా తెరవడం, తుడవడం, పోయడం అన్నీ శుభ్రంగా చేసింది. మేడం చెప్పింది: "పుస్తకంలోది వద్దు. నీ నాలుకకు ఏమనిపిస్తే అది చెప్పు."

పిల్ల ఒక గుక్క తీసుకుని, నోట్లో తిప్పి, మింగింది.

"మొదట పుల్లంగా ఉండాది మేడం. తోతాపురి పిందెను ఉప్పద్దుకోని కొరికినట్ల. ఆ తర్వాత రవ్వంత చేదు. లేత కాయ పగలగొడితే లోపల జీడి ఉంటాది చూడండి, దాన్ని నాలిక్కి తాకించినట్ల."

మేడం పెన్ను పక్కన పెట్టేసి నవ్వింది. "ఇటలీలో బాదం అంటారు. మనకు జీడి అంటేనే తెలుస్తుంది. సరే, దీనికి ఏం పెడతావు?"

"చేప మేడం. పైన నిమ్మకాయ పిండే పని కూడా ఉండదు, ఆ పులుపేదో దీంట్లోనే ఉండాది. నూనెలో వేయించిన వాటికన్నిటికీ బాగుంటాదనిపిస్తా ఉంది. అలసంద వడలకు కూడా. ఏమీ లేకపోతే ఉప్పేసి ఉడకబెట్టిన చెనక్కాయలు పెట్టినా చాలు. మటన్ వద్దు. ఆ మసాలా ముందర ఇది నిలబడదు."

పిల్లలారా, ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు. ఆ పిల్ల నెలాఖరులో బెంగళూరు బస్సెక్కేది, నేను మంత్రిగారి భోజనం కథ చెప్పుకుంటూ బతికేవాణ్ణి. కానీ నా ప్రశ్న నా కళ్ళ ముందే మట్టిలో కలిసిపోతుంటే ఊరుకోవడం ఎలా? ఇరవై ఒక్కేళ్ళుగా ఇలాంటి సందర్భం కోసమే ఎదురుచూస్తున్నాను. ఇటలీ చూసి వచ్చినావిడ ముందు, ఇటలీకే తెలియని సూక్ష్మం నా శిష్యురాలి నోట చెప్పించాలి. గొంతు సవరించుకున్నాను.

"అమ్మా, ఆరో పాఠంలో ఏముంది? బాగా గుర్తు చేసుకుని చెప్పు. దీనికి జత ఏది?"

పిల్ల నా వైపు చూసింది. మేడం వైపు చూసింది. మళ్ళీ నా వైపు చూసింది. గ్లాసు కింద పెట్టి, చేతులు కట్టుకుంది.

"మటన్ సార్."

"కారణం?"

"చివర్లో ఉండే చేదు బాదం రుచి మాంసపు కొవ్వును తెంచుతుంది సార్. గది ఉష్ణోగ్రతలో వడ్డించాలి సార్."

ఒక్క అక్షరం పొల్లు పోలేదు. తలమీద ఫ్యాను వేడి గాలిని గదిలో తిప్పి తిప్పి కొడుతోంది. నేను మేడం వైపు విజయగర్వంతో చూశాను. మేడం నన్ను చూడకుండానే ఏదో రాసుకుని, పిల్లను వెళ్ళమంది.

పరీక్ష అయిపోయాక వరండాలో నన్ను ఆపింది. "ఆ అమ్మాయి మొదట చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరైన జవాబు సార్. తర్వాత ఎందుకు మార్చుకుందో అర్థం కావడంలేదు. గెస్టు ఎదురుగా ఎవరో ఒకరు గట్టిగా అడగగానే మాట మార్చేసే మనిషిని నేను హాల్లో ఎలా పెట్టుకోను? ఇంతకీ దీనికి మటన్ పెట్టమని వీళ్ళకు చెప్పిందెవరు?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం నాకు జీవితంలో రాలేదు. 'నేనే' అంటే చాలు, రెండక్షరాలు. నేనన్నది ఇది:

"ఏం చెప్పమంటారు మేడం. ఈ కాలం పిల్లలు పాఠం సరిగా వినరు. ఫోన్లలో ఏదేదో చూసి కలగాపులగం చేసేస్తారు."

ఆవిడ తలూపి కారెక్కింది.

నేను స్టాఫ్‌రూముకు పోయి, బీరువా అడుగున ఉన్న పాత ఫైలు తీశాను. చెన్నైలో ఒక లావుపాటి పుస్తకం నుంచి జిరాక్సు తీయించుకున్న కాగితాలు. తెల్ల వైన్ల పట్టిక అక్షర క్రమంలో ఉంది. అన్నిటికంటే చివర, పేజీ అట్టడుగున, వెర్దిక్కియో. దాని పేరుంది, దాని రుచుంది. జతయ్యే వంటకాల దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోయింది. మిగతాది తర్వాతి పేజీ మొదట్లో ఉండి ఉండాలి. ఆ పేజీ నేను జిరాక్సు తీయించలేదు. తర్వాత ఉన్న కాగితం ఎర్ర వైన్ల పట్టిక. దాని మొదటి వరుసలో 'మటన్ రోస్టు, గది ఉష్ణోగ్రత' అని ఉంది. అంటే ఎవరి ఇంటి వంటో తెచ్చి ఎవరి విస్తట్లోనో వడ్డించానన్నమాట. ఇక కొవ్వును తెంచే కారణం పట్టికలో ఎక్కడా లేదు. ఎంత వెతికినా కనబడలేదు. కనబడదు, ఎందుకంటే అది నేను కనిపెట్టింది.

ఫైలు పట్టుకుని ల్యాబుకు వెళ్ళాను. అటెండరు గ్లాసులు కడుగుతున్నాడు. అసలు సీసాలో ఇంకా కాస్త మిగిలి ఉంది. తలుపు గడియ పెట్టమన్నాను. వాడు నా మొహం చూసి పెట్టాడు.

నేను చేసిన ప్రమాణం తాగనని. రుచి చూడనని కాదు. చూసి ఉమ్మేస్తే తాగినట్టు కాదని వైను పుస్తకాల్లో కూడా ఉంది. కోర్టులో నిలుస్తుందో లేదో, కాణిపాకంలో నిలుస్తుందో లేదో తెలియదు కానీ ఆ సమయానికి నాకు ఆ వాదన చాలా బలంగా కనిపించింది. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. పుల్లగా ఉంది. చివర, అవును, జీడే. సింకులో ఉమ్మేసి, మటన్ ముక్క నమిలి, ఇంకో గుక్క పోసుకున్నాను. నోరంతా రేకు డబ్బా నాకినట్టయింది. మసాలా గొంతులో భగ్గుమంది, వైను ఎటుపోయిందో తెలియలేదు. నోరు కడుక్కుని, చేప ముక్క తిని మళ్ళీ చూశాను. నూనె జిడ్డంతా పోయి నోరు శుభ్రంగా అయింది, ఇంకో ముక్క తినాలనిపించింది. అంత తేలికగా ఉంది జవాబు. ఎవరైనా ఒక్కసారి నోట్లో వేసుకుంటే తెలిసిపోయేది.

"నువ్వూ చూడప్పా," అన్నాను అటెండరుతో. వాడికి ఇలాంటి ప్రమాణాల అడ్డంకులేవీ లేవు. ఒక్క గుటకలో తాగేసి మొహం చిట్లించాడు.

"ఇదేం మందు సార్, ఊరగాయ కడిగిన నీళ్ళ మాదిరి ఉండాది. మన జీలకర్ర నీళ్ళే మేలు."

వెనక గేటు దగ్గర బండి మీద ఉడకబెట్టిన చెనక్కాయలు తెమ్మన్నాను. తెచ్చాడు. వలుచుకుని తినమని, ఇంకో గుక్క తాగించాను. వాడు సీసా వైపు కొత్తగా చూశాడు.

"ఇప్పుడు బాగుండాది సార్. ఆ పాప చెప్పింది నిజమే."

తర్వాత వాడు గ్లాసు కడుగుతూ, నా వైపు చూడకుండా అన్నాడు: "మీరేమీ అనుకోకపోతే ఒక మాట సార్. వరండాలో ఆ మేడం అడిగినప్పుడు నేను తలుపు కాడే ఉన్నాను. పిల్లోళ్ళు వినరు అన్నారే, ఆ మాట నాకు బాగలేదు సార్. ఆ పాప విన్నది కాబట్టే కదా ఉద్యోగం పోయింది."

నా సర్వీసులో నన్ను ఇంత సూటిగా ఎవరూ అనలేదు. సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు. వాడు తప్ప గదిలో ఉన్నది నేనొక్కణ్ణే.

అంత సిగ్గుపడినవాణ్ణి వెంటనే ఫోను తీసి మేడంకు చెప్పి ఉంటానని మీరు అనుకుంటారు. చెప్పలేదు. ఎనిమిది రోజులు ఆలోచించాను. నిజం చెప్పడానికి మంచి రోజు చూసుకోవాలి కదా. మధ్యలో ఆదివారం వచ్చింది, తర్వాత మా తోడల్లుడి గృహప్రవేశం వచ్చింది, ఒకరోజు నాకే జలుబు చేసింది. రిటైరు కావడానికి ఏడాదే ఉంది, ఈ వయసులో పేరు చెడగొట్టుకోవడం అవసరమా అని కూడా ఒకరోజంతా ఆలోచించాను. ఆ రోజు మాత్రం అన్నం సహించలేదు. తొమ్మిదో రోజు పొద్దున అటెండరు ఫోను చేసి, "ఆ పాప ఫ్యాక్టరీలో కాయలేరతా ఉండాదంట సార్" అని మాత్రం చెప్పి పెట్టేశాడు. చొక్కా వేసుకుని బస్టాండుకు పోయాను.

బెంగళూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. దారిలో కాణిపాకం పోయే ఆర్చి వస్తుంది. బస్సులో అందరూ అటు తిరిగి దండం పెట్టుకున్నారు. నేను టిక్కెట్టు మీద ఏం రాసి ఉందో చదువుకుంటూ కూర్చున్నాను.

బంగారుపాళ్యం దగ్గర దిగితే రోడ్డు పక్కంతా మామిడికాయల ట్రాక్టర్లు. ఫ్యాక్టరీ గేటు ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి కబురు పంపాను. మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక పిల్ల వచ్చింది, వెనకే వాళ్ళమ్మ. ఇద్దరి తలలకూ ప్లాస్టిక్ టోపీలు, చేతులకు మామిడి జిగురు. నన్ను చూసి పిల్ల కంగారుపడింది.

"మీరొచ్చినారేంది సార్? కబురంపితే నేనే వచ్చుంటాను కదా."

దారంతా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను. అది కాస్తా నోట్లోనే ఆరిపోయింది. "నోట్సు తప్పమ్మా," అన్నాను. "నువ్వు మొదట చెప్పిందే రైటు. మటన్ కాదు. ఇన్నేళ్ళూ నేను తప్పు చెప్పాను. ఆ మేడంకు కూడా తప్పు నీదేనని చెప్పాను."

పిల్ల టోపీ తీసి చేతిలో పట్టుకుంది.

"నోట్సు తప్పని తెలుసు సార్."

"ఎప్పటినుంచి?"

"ఫస్టియర్ నుంచీ. మా సీనియర్లు చెప్పినారు. వాళ్ళకు వాళ్ళ సీనియర్లు చెప్పినారంట. సార్ అడిగితే మటన్ అని చెప్పాల, హోటల్లో అడిగితే చేప అని చెప్పాల అని."

టీ గ్లాసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఎన్ని బ్యాచులు! చెన్నైలో, బెంగళూరులో, ఓడల మీద పనిచేస్తున్నవాళ్ళు, పండక్కి ఫోను చేసి 'మీ దయ సార్' అనేవాళ్ళు, అందరూ కలిసి నా తప్పును నాకు తెలియకుండా కాపాడుకుంటూ వచ్చారు.

"నాకొక్కరూ చెప్పలేదే?"

పిల్ల కాస్త ఇబ్బందిపడింది. "ఆ ప్రశ్న అడిగేటప్పుడు మీరు శానా సంతోషంగా ఉంటారు కద సార్."

వాళ్ళమ్మకు మా మాటల్లో సగమే అర్థమైంది. ఆ సగం చాలు. కూతురి వైపు తిరిగింది. "రైటుగా చెప్పినప్పుడు మళ్ళెందుకు మార్చినావే? బెంగళూరు ఉద్యోగం పోగొట్టుకోని ఈడ జిగురు పూసుకునేదానికా?"

"మేడం అడిగినప్పుడు చేపనే చెప్పినామ్మా. ఆ తర్వాత సార్ అడిగినాడు. సార్ అడిగితే మటనే కదా."

ఆ తల్లి నన్ను తిట్టి ఉంటే బాగుండేది. టీకి డబ్బులిచ్చే నెపంతో అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. తర్వాత ఫోను తీసి, వాళ్ళిద్దరి ముందే మేడం నెంబరు నొక్కాను.

జిరాక్సు కాగితం నుంచి వరండా దాకా అంతా చెప్పాను. మటన్ చెప్పింది నేను, మాట మార్పించింది నేను, నింద పిల్లల మీదికి తోసింది నేను. వెనకాల ట్రాక్టర్ల హారన్లు ఆమెకు కూడా వినబడుతుండాలి.

"ఈ మాట ఆ రోజే చెప్పుంటే సరిపోయేది కద సార్," అంది.

"సరిపోయేది మేడం."

"నేను ఇంకో కాలేజీ అబ్బాయిని దాదాపు ఖాయం చేసేశాను. ఇంకా కాగితం ఇవ్వలేదు. ఆ అమ్మాయి పక్కనే ఉందా? ఒకసారి ఇవ్వండి."

తర్వాత జరిగింది ముందే చెప్పేస్తాను, మీకు ఆత్రం లేకుండా. ఆ పిల్ల మరుసటి నెలలో బెంగళూరులో చేరింది, ఇప్పుడు అక్కడ తన చేతికింద నలుగురున్నారు. నేను ఆ ఏడాది ఆరో పాఠం చెప్పడానికి లేచి, క్లాసంతటి ముందు నోట్సు తప్పని ఒప్పుకున్నాను. పిల్లలంతా నోరెళ్ళబెట్టి, "అవునా సార్!" అని ఆశ్చర్యపోయారు. చాలా బాగా నటించారు. హోటల్ లైనులో పైకొస్తారని అప్పుడే నమ్మకం కుదిరింది నాకు.

ఆ రోజు మాత్రం ఆ టీ బంకు దగ్గర ఏ సంగతీ తేలలేదు. ఫోను పిల్ల చేతికిచ్చాను. చెయ్యి లంగావోణీకి తుడుచుకుని అందుకుంది. అవతల మేడం ఏదో అడిగింది. పిల్ల జవాబు చెప్పబోయి ఆగి, ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి, మెల్లగా నన్నడిగింది:

"సార్, ఇది మేడం ప్రశ్నేనా, మీ ప్రశ్ననా?"

"మేడం ప్రశ్నేనమ్మా," అన్నాను.

చెయ్యి తీసి, "చేప మేడం," అని చెప్పింది.